అమ్మే ముందు ఆ పాలిష్ డబ్బా పక్కన పెట్టండి

చిక్కడపల్లిలో అమ్మమ్మ వాళ్ల ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశాం. దసరా తర్వాత మొదలుపెట్టి సంక్రాంతిలోపు ఖాళీ చేసివ్వాలని మాట. మంచాలు, బీరువాలు ఎవరిళ్లకు వాళ్లు తీసుకెళ్తే అయిపోతుంది కదా అనుకున్నాను, అటక దించేదాకా అసలు పని ఎంతుందో నాకు తెలియలేదు. గోడ గడియారం, మర్ఫీ రేడియో, డబ్బా నిండా నిజాం కాలపు నాణేలు, తాతయ్య హెచ్‌ఎంటీ వాచీ, నిలువుటద్దం ఉన్న టేకు బీరువా, పాత పంచెలో చుట్టిన బిద్రి పాన్‌దాన్ (లోహం మీద వెండి పువ్వులు పొదిగిన తాంబూలపు డబ్బా). ఎవరింట్లోనూ వీటికి చోటు లేదు. అమ్మేసి ఆ డబ్బు పిన్ని ఆపరేషన్‌కి వాడదామని అందరూ ఒప్పుకున్నారు, బేరాలు చూసే బాధ్యత నాకు అప్పగించారు.

అన్నిటికన్నా ముందు ఒక వస్తువును నేనే పాడుచేశాను. ఈ పోస్టు రాస్తున్నది కూడా అందుకే.

ఆ పాన్‌దాన్ అమ్మమ్మకి వాళ్లమ్మ ఇచ్చింది. రెండు పిడికిళ్లు కలిపితే ఎంతుంటుందో అంత, గుండ్రంగా ఉంటుంది, మూత మీద పూల తీగ, లోపల సున్నానికీ వక్కలకీ చిన్న చిన్న గిన్నెలు. ఏళ్ల తరబడి అటక మీద పడి ఉండడంతో వెండి కూడా నల్లబడి, మొత్తం మాడిన గిన్నెలా కనిపించింది. మూత అంచున గోరంత వెండి ఆకు ఒకటి ఊడిపోయి గుంట మిగిలింది. ఇలా ఉంటే ఎవరు కొంటారు, కాస్త శుభ్రం చేయిస్తే నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి కదా అని, దీపపు కుందులకు పాలిష్ పెట్టే షాపుకి తీసుకెళ్లాను. అతను మోటారు చక్రం మీద అరగంట తిప్పి తళతళలాడేలా చేసి ఇచ్చాడు. ఆటోలో ఒళ్లో పెట్టుకుని మురిసిపోతూ వచ్చాను. అమ్మ చేతిలో పెట్టగానే అటూ ఇటూ తిప్పి చూసి, వెలుతురు చాలడం లేదేమోనని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, "పువ్వులేవే?" అని అడిగింది.

పువ్వులు ఉన్నాయి, కానీ కనిపించడం లేదు. వెండీ తెలుపే, వెండి చుట్టూ ఉన్న లోహమూ తెలుపే.

బిద్రి గురించి అప్పుడు తెలుసుకున్నాను, ముందే తెలుసుకోవాల్సింది. ఆ లోహంలో ఎక్కువ భాగం జింకు, కొద్దిగా రాగి. పోత పోసి, నునుపు చేసి, దాని మీద గాళ్లు చెక్కి, వాటిలో వెండి తీగనీ వెండి రేకునీ కొట్టి కూర్చుతారు. అన్నీ అయ్యాక చివర్లో బీదర్ కోట మట్టిని నవాసాగరంతో కలిపి (కళాయి వేసేవాళ్లు వాడే నవాసాగరమే ఇది) వేడి చేసిన వస్తువుకి పట్టిస్తారు. దాంతో జింకు లోహం కాటుకలా నల్లబడుతుంది, వెండికి మాత్రం ఏమీ కాదు, అప్పుడే ఆ నలుపులోంచి పువ్వు పైకి లేస్తుంది. నేను మురికి అనుకుని డబ్బిచ్చి మరీ గీకించింది ఆ పనివాడు అన్నిటికన్నా చివర పెట్టిన రంగుని.

పాతబస్తీలో బిద్రి పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మూత తీసి బొటనవేలితో నెమ్మదిగా తడిమి, నలుపు మళ్లీ తెప్పించగలను, ఊడిన ఆకూ పెట్టగలను, కానీ ఇది చూడు అని భూతద్దం ఇచ్చాడు. వెండి రేకుల మీద ఒకప్పుడు ఈనెల్లా సన్నటి గీతలు ఉండేవట. మూత పక్కభాగంలో చక్రం అందని చోట రెండు రేకుల మీద అవి ఇంకా ఉన్నాయి, వెంట్రుక కన్నా సన్నగా, ఒక్కో రేకుకి ఏడెనిమిది. పైభాగంలో అన్నీ అరిగిపోయాయి. కావాలంటే కొత్తగా గీస్తానన్నాడు కానీ, అవి నా గీతలవుతాయి, మీ నానమ్మల కాలం నాటివి కావు అని ఆయనే చెప్పాడు. ఆ మాటకి ఆయన మీద గౌరవం పెరిగింది, ఎందుకంటే ఒప్పుకుని డబ్బు తీసుకుంటే నాకు తెలిసేది కూడా కాదు.

అక్కడి నుంచి సరాసరి సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లాను (శుక్రవారం సెలవు, వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోండి). చిన్నప్పుడు స్కూలు వాళ్లు తీసుకెళ్తే ముసుగు రెబెక్కా శిల్పం ముందు, గంట కొట్టే బొమ్మ గడియారం ముందు తోసుకుంటూ నిలబడ్డామే తప్ప బిద్రి వస్తువుల వైపు తిరిగి చూసిన గుర్తు లేదు. ఈసారి హుక్కా బుడ్ల ముందు చాలాసేపు నిల్చున్నాను. ఆ నలుపు ఎంత లోతుగా ఉంటుందో చూస్తేనే తెలుస్తుంది. మన వస్తువుకి రిపేరు చేయించాలా వద్దా అనే సందేహం వస్తే, అలాంటిదే బాగున్నది ఎలా ఉంటుందో ముందు ఒకసారి కళ్లారా చూడాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఆ అదృష్టం టికెట్టు దూరంలోనే ఉంది.

దాన్ని నేను ఏం చేసి ఉండాల్సిందంటే, మెత్తని నూలుగుడ్డతో దుమ్ము తుడిచి, వెండి ఉన్నంత మేరకు మాత్రమే చాలా తేలిగ్గా రుద్ది, నల్లటి భాగానికి ఒక చుక్క కొబ్బరినూనె రాసి ఆగిపోవాల్సింది. ఊడిన ఆకు గుంటని అలాగే వదిలేయాల్సింది. ఈ రకం వస్తువులు సేకరించేవాళ్లకి ఒక ఆకు ఊడడం పెద్ద లోపం కాదు, బఫింగ్ చక్రం ఎక్కడమే పెద్ద లోపం.

ఇక గోడ గడియారం సంగతి. సేకోషా, జపాన్‌ది, తాతయ్య ఉద్యోగంలో చేరిన కొత్తల్లో కొన్నాడట. కీ ఇస్తే గంటన్నర నడిచి ఆగిపోతోంది. ఆగిపోయిందని చెప్పి ఫొటోలు పెడితే 3,500 దాకా ఇస్తామన్నారు. మామయ్య అయితే "లోపల మెషీన్ తీసేసి బ్యాటరీది పెట్టించమ్మా, 300 రూపాయలు, ఎప్పటికీ ఆగదు" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు, నగరంలో ఎన్ని పాత గడియారాలు ఇలా లోపలి మెషీన్ పోయి బ్యాటరీతో నడుస్తున్నాయో తలుచుకుంటే నాకు బాధేస్తుంది. కానీ పాన్‌దాన్ దెబ్బ తగిలి ఉన్నదాన్ని కాబట్టి ఈసారి ముందు అడగడానికి వెళ్లాను. చార్మినార్ దగ్గర లాడ్ బజార్ దాటి ముర్గీ చౌక్, అదే మహబూబ్ చౌక్, 1892లో కట్టిన క్లాక్ టవర్ ఉన్న చోటు. ఆ చుట్టుపక్కల ఇప్పటికీ పాత గడియారాలు బాగుచేసేవాళ్లు ఉన్నారు.

వాళ్లలో నేను వెళ్లిన చాచా గడియారాన్ని వెంటనే విప్పలేదు. షాపులో మేకుకి తగిలించి, లోలకం ఊపి, కళ్లు మూసుకుని విన్నాడు. "టిక్‌కీ టక్‌కీ మధ్య ఎడం సమానంగా లేదు, విన్నావా?" అన్నాడు. విన్నాక నాకూ తెలిసింది, కుంటుకుంటూ నడిచినట్టుగా ఉంది. తర్వాత వెనక చెక్క తీసి పళ్ల చక్రాల మీద వేలు రాసి నా ముక్కు దగ్గర పెట్టాడు. కొబ్బరినూనె. ఎప్పుడో ఎవరో ప్రేమగా పోశారు, అది దుమ్ముతో కలిసి జిగురులా గట్టిపడిపోయింది. ఇరుసులు తిరిగే రంధ్రాలు ఏళ్ల రాపిడికి గుండ్రదనం పోయి కోలగా అయ్యాయి, అందుకే చక్రాలు ఒకదానికొకటి సరిగ్గా అందక ఆగిపోతోంది. అంతా విప్పి కడిగి, ఆ రంధ్రాలకి చిన్న ఇత్తడి బుష్షులు వేయాలి, లోలకం వేలాడే సన్నటి ఉక్కు రేకు మార్చాలి, 2,500 అవుతుంది అన్నాడు.

సరే అని, పనిలో పనిగా డయల్ కూడా మార్చేయమన్నాను. కాగితం గోధుమరంగులోకి తిరిగింది, 7 అంకె దగ్గర నీటి మరక ఉంది, కొత్తగా అచ్చు వేసిన డయళ్లు అదే షాపులో గోడకి వేలాడుతున్నాయి. చాచా తల కూడా ఎత్తకుండా "ఇస్కు నక్కో ఛేడో బేటా" అన్నాడు, దాని జోలికి పోవద్దని. తర్వాత తీరిగ్గా చెప్పాడు: గడియారం నడవకపోతే కొనేవాడికి అది రేపటి ఖర్చు, కాబట్టి నడిపించి ఇవ్వు. ముఖం మార్చేస్తే మాత్రం వాడు లోపల కూడా ఏమేం మార్చారో అని అనుమానపడతాడు.

తొమ్మిది రోజులకి ఇచ్చాడు. తీసేసిన పాత ఉక్కు రేకుని చిన్న కాగితంలో పొట్లం కట్టి గడియారం లోపలే పెట్టాడు, పారేయొద్దు, కొన్నవాళ్లకి చూపించు అన్నాడు. ఆ గడియారాన్ని సైనిక్‌పురి నుంచి వచ్చిన ఒకాయన 9,000కి తీసుకున్నాడు. ఫోన్ టార్చ్ వేసి మొదట చూసింది డయల్‌నే, మరకని దగ్గరగా చూసి ఒరిజినలేనా అని అడిగాడు. పొట్లం విప్పి చూపించాక ఇంక బేరమే ఆడలేదు.

ఈ రెండిటి మధ్య తేడా ఏమిటని చాలా రోజులు ఆలోచించాను. గడియారంలో చాచా చేసిన పని వల్ల పాతది ఏదీ మాయమైపోలేదు. జిడ్డు పోయింది, అరిగిన చోట ఊతం వచ్చింది, మార్చిన ముక్క కూడా పొట్లంలో ఉంది, రేపు ఎవరైనా వెనక్కి తిప్పాలనుకుంటే తిప్పొచ్చు. పాన్‌దాన్ మీద గీతల్ని ఎవరూ వెనక్కి తేలేరు. ఇప్పుడు ఏ వస్తువు చేతిలోకి తీసుకున్నా నేను మొదట చూసుకునేది ఇదే. రెండోది, కొనేవాడు దాన్ని ఇంట్లో వాడతాడా, లేక ఉన్నది ఉన్నట్టు దాచుకుంటాడా?

టేకు బీరువా వాడేవాళ్ల వస్తువు. 1950లలో చేయించింది, దాన్ని పురాతనం అని ఎవరూ అనరు, బట్టలు పెట్టుకోవడానికి గట్టి బీరువా కావాలనుకునేవాళ్లే కొంటారు. తలుపు ఒకటి కిందికి జారింది, అడుగు చెక్కకి ఒక మూల చెదలు, తాళం పడటం లేదు. ఉన్నది ఉన్నట్టు 6,000 అన్నారు. కింది చెక్క మార్పించి, కీళ్లు బిగించి, తాళం బాగుచేయించి, చెదల మందు కొట్టించి 4,500 ఖర్చుపెడితే 22,000 వచ్చింది. ఇక్కడ రిపేరు చేయించకపోతే నిజంగా నష్టపోయేవాళ్లం. కార్పెంటర్ మాత్రం మొత్తం ఎమరీ కొట్టి పీయూ పాలిష్ (ప్లాస్టిక్ పొరలాంటి మెరుపు పూత) వేస్తే అద్దంలా మెరుస్తుందన్నాడు, వద్దన్నాను. ఇన్నేళ్ల చేతుల వాడకంతో పిడి చుట్టూ వచ్చిన ఆ నిగనిగ ఎమరీ కాగితానికి పది నిమిషాల్లో పోతుంది. లక్క పాలిష్ ఒక పూత వేయించి ఊరుకున్నాను. నిలువుటద్దంలో అంచుల వెంట నల్ల మచ్చలున్నాయి, బెల్జియం అద్దం అని అమ్మమ్మ చెప్పుకునేది, దాన్ని మార్చలేదు. కొన్న ఆవిడకి ఆ అద్దమే బాగా నచ్చింది.

ఇత్తడి గుండిగలు, గంగాళం సంగతి ఇంకా తేలిక, వంటకి వాడతామన్నవాళ్లకి కళాయి వేయించి ఇచ్చాం, అంతే.

నాణేల విషయంలో మాత్రం దయచేసి వినండి. ఒకవైపు చార్మినార్ ఉండే నిజాం వెండి రూపాయలు, ఉస్మానియా సిక్కా అనేవాళ్లు, ఒక్కోటి సుమారు 11 గ్రాములు. ఇవి మా డబ్బాలో పద్నాలుగు ఉన్నాయి. నేను చేరేలోపే మామయ్య అయిదింటిని పళ్లపొడితో తోమి తెల్లగా చేసి ఆరబెట్టాడు. నాణేల వ్యాపారి తొమ్మిదింటిని ఒకవైపు, ఈ అయిదింటిని ఒకవైపు పెట్టి, అయిదింటికి వెండి తూకం ధర మాత్రమే ఇస్తానన్నాడు. మామయ్య చిన్నబోయాడు. ఆయన తప్పేముంది, మనకి చిన్నప్పటినుంచీ పండగొస్తే చింతపండు పెట్టి తోమడమే తెలుసు, వెండి తెల్లగా ఉంటేనే ఇంటికి మర్యాద. కానీ వెండి మీద ఏళ్ల తరబడి పట్టే ఆ బూడిద నీలం ఛాయ నాణెం ఎవరి చేతా తోమించుకోలేదనడానికి సాక్ష్యం. పొడితో రుద్దితే కంటికి కనిపించని గీతలు వేల కొద్దీ పడతాయి, భూతద్దంలో ఇట్టే తెలిసిపోతాయి. నాణేలని అంచు పట్టుకుని తీయండి, విడివిడిగా కాగితపు కవర్లలో పెట్టండి, అంతకు మించి ఏమీ చేయకండి. అదే డబ్బాలో చిరిగిన హైదరాబాద్ నోటు ఒకటి ఉంది, ఎవరో సెల్లో టేపు అంటించారు, టేపు పసుపెక్కి కాగితంలోకి ఇంకిపోయింది. టేపు లేకుండా చిరిగిన నోటుగానే ఉంటే ఎంతో కొంత వచ్చేది. పాత కాగితాలకి లామినేషన్ కూడా అంతే, ఒకసారి చేయిస్తే ఇక అది ఆ ప్లాస్టిక్‌లోంచి బయటికి రాదు.

తాతయ్య హెచ్‌ఎంటీకి డయల్ వెలిసిపోయింది. కొత్త రంగు వేసిన డయళ్లు పెట్టిన హెచ్‌ఎంటీలు ఆన్‌లైన్‌లో కుప్పలుతెప్పలుగా ఉన్నాయి, అందుకే వెలిసినా అసలు డయల్ ఉన్నవాటి కోసం వెతికేవాళ్లున్నారు. అయినా అది అమ్మలేదు, తమ్ముడు పెట్టుకున్నాడు. సర్వీసింగ్ చేయించాం, గాజు కూడా మార్చలేదు.

రేడియో దగ్గర నేను చాలా టెన్షన్ పడ్డాను, ఎందుకంటే మా బావ ప్లగ్గు పెట్టి చూద్దామని చేతిలోకి తీసుకున్నాడు. వాల్వుల రేడియోలని ఏళ్ల తర్వాత అలా నేరుగా కరెంటుకి కలపకూడదు. లోపలి పాత కెపాసిటర్లు ఎండిపోయో లీకయ్యో ఉంటాయి, కలిపిన నిమిషంలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు, అది కాలితే మళ్లీ దొరకడం కష్టం. లోపలి భాగాలు తీసేసి బ్లూటూత్ స్పీకర్ పెడితే యూత్ కొంటారని కూడా సలహా వచ్చింది. నేను వెనక అట్ట తీసి ఫొటోలు తీసి, "కరెంటు పెట్టి చూడలేదు, ఎవరూ విప్పలేదు" అని ఉన్నమాట రాశాను. రేడియోలు సొంతంగా బాగుచేసుకునే ఒక రిటైరైన ఇంజనీరు వచ్చి, విప్పలేదనే మాట కోసమే వచ్చానమ్మా అన్నాడు. ఒకప్పుడు ఇంట్లో రేడియో ఉండాలంటే పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి, తాతయ్య ఆ పుస్తకాన్ని స్టాంపులతో సహా రేడియో వెనకే దాచాడు. అది చూసి ఆయన ముఖం వెలిగిపోయింది. రిపేరుకి పెట్టే ఖర్చు మిగలడమే కాదు, రిపేరు చేయించి ఉంటే ఆయన కొనేవాడే కాదు.

ఇక పాన్‌దాన్. డాలస్‌లో ఉన్న అక్క తనకి పంపమంది. అమ్మమ్మ వాళ్లమ్మ నాటిది కాబట్టి వందేళ్లు దాటే ఉంటుంది, 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువుల్ని మనలాంటివాళ్లు దేశం దాటించడానికి లేదు, సూట్‌కేసులో పెట్టుకెళ్లడం కూడా తప్పే. పాతవస్తువుల వ్యాపారం చేసేవాళ్లకి లైసెన్సు ఉండాలి కూడా, కొనడానికి వచ్చినవాళ్లని ఆ మాట అడగడానికి మొహమాటపడకండి.

ఇక్కడే అమ్ముదామని ఒకాయన్ని పిలిచాను. మూత తీసి చూసేలోపే, దీన్ని చక్రం మీద పెట్టించానని చెప్పేశాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆయన మర్యాదగా కాఫీ తాగి, అయినా పువ్వు పని బాగుందమ్మా అని వెళ్లిపోయాడు.

తర్వాత దాన్ని పాతబస్తీ పెద్దాయన దగ్గరికే మళ్లీ తీసుకెళ్లాను. నలుపు మాత్రం పెట్టమన్నాను, ఆకు వద్దు, గీతలు వద్దు అన్నాను. నా ముందే వేడి చేసి, మట్టి ముద్ద పట్టించి, కాసేపాగి నీళ్లలో కడిగి, గుడ్డతో తుడిచి, అరచేతిలో నూనె వేసుకుని రాశాడు. పువ్వులు మళ్లీ పైకి లేచాయి. గీతల్లేకుండా, బోసిగా. మూత పక్కన ఆ రెండు రేకుల మీద మాత్రం పాత ఈనెలు అలాగే ఉన్నాయి. ఇంటికి తెచ్చి ఇచ్చాక అమ్మ ఆ రెండు రేకులు తనవైపు ఉండేలా తిప్పి దేవుడి గూటి పక్కన పెట్టుకుంది. అది అమ్మం.

అటక మీద ఇంకో ట్రంకు పెట్టె ఉంది, తాళంచెవి ఈ వారమే దొరికింది. ఆదివారం తెరుస్తాం. మామయ్యకి ఫోన్ చేసి, నేను వచ్చేదాకా ఏదీ తుడవొద్దని చెప్పాను. ముందు అన్నిటికీ ఫొటోలు తీస్తాను.